జీతం ఒక్కటే కాదు, గంటలు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో చైనా పల్లెల నుంచి ఫ్యాక్టరీ పనికి వెళ్ళే ఆడపిల్లల మీద వచ్చిన వ్యాసం చదివాం. రాసినవారికి ఆ పిల్లల మీద ఉన్న అక్కర ప్రతి పేరాలోనూ కనిపించింది. అయితే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాం. గ్వాంగ్‌డాంగ్ ఫ్యాక్టరీలో చేరిన అమ్మాయి నెలకు 5 వేల యువాన్లు సంపాదిస్తుందని అందులో ఉంది. అంకె తప్పు కాదు. కానీ ఎన్ని గంటల పనికి ఆ 5 వేలు అన్నది పక్కన లేకపోతే అది పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది. ఆ ఒక్క అంకెను విప్పి చూపాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పొడుగైతే మన్నించండి.

గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సులోని షెన్‌జెన్ నగరంలో 2025 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 2,520 యువాన్లు. అసెంబ్లీ లైన్లలో మూల జీతం చాలాచోట్ల ఈ కనీస వేతనం దగ్గరే తిరుగుతుంది. చైనాలో జీతం లెక్కకు నెలకు 21.75 రోజులు పట్టుకుంటారు. ఏడాదిలోని 365 రోజుల్లోంచి 104 శని, ఆదివారాలు తీసేసి పన్నెండుతో భాగిస్తే వచ్చేది అదే. 2,520ని 21.75తోనూ, మళ్ళీ 8తోనూ భాగిస్తే గంటకు 14.48 యువాన్లు. రోజూ ఎనిమిది గంటలు దాటాక చేసే ఓటీకి ఒకటిన్నర రెట్లు, అంటే 21.72. వారాంతపు సెలవున పనికి పిలిచి, దానికి బదులు ఇంకో రోజు సెలవు ఇవ్వకపోతే రెట్టింపు, అంటే 28.97. ప్రభుత్వ పండగ సెలవుల్లో అయితే మూడు రెట్లు. ఈ రెట్లన్నీ 1995 జనవరి 1న అమల్లోకి వచ్చిన కార్మిక చట్టంలో రాసి ఉన్నవే.

ఇప్పుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు మూడు గంటలకు కాస్త తక్కువగా నెలకు 60 గంటల ఓటీ వేసుకోండి. నాలుగు శనివారాలు పదేసి గంటలు వేసుకోండి. మొదటిదానికి 1,303, రెండోదానికి 1,159. మూల జీతంతో కలిపితే 4,982. మీ వ్యాసంలోని 5 వేలు ఇలా వచ్చినవే. నెలకు నూరు గంటల ఓటీ చేస్తేగాని రాని 5 వేలు. అదే చట్టం ఓటీ రోజుకు 3 గంటలు, నెలకు 36 గంటలు మించకూడదంటుంది. ఆ 36 గంటలూ మామూలు రోజుల్లోనే చేస్తే మొత్తం 3,302 యువాన్లు. అందులోంచి పింఛనుకు కార్మికురాలి వాటా 8 శాతం పోవాలి, ఆరోగ్య బీమా వాటా పోవాలి, హాస్టల్ గది, కరెంటు, నీళ్ళు, భోజనం కార్డు పోవాలి. ఆ మిగిలినదాంట్లోంచి ఇంటికి పంపాలి.

బయటినుంచి చూసేవాళ్ళు పొరబడేది ఇక్కడే. ఓటీ అంటే బలవంతం, అమ్మాయిలు దాన్నుంచి తప్పించుకోవాలని చూస్తారు అనుకుంటారు. నిజానికి ఓటీ లేని ఫ్యాక్టరీలో వాళ్ళు చేరరు. చేరేముందు ఊరివాళ్ళని అడిగే మొదటి ప్రశ్న 'అక్కడ ఓటీ ఉందా' అనే. మూల జీతం మీద బతకలేరు కాబట్టి ఓటీ కోరుకుంటారు. మూల జీతాన్ని అంత తక్కువలో ఉంచితే పన్నెండు గంటల షిఫ్టుకు ఎవరినీ నెట్టాల్సిన పనే ఉండదు. 2010లో షెన్‌జెన్‌లోని ఫాక్స్‌కాన్ అనే ఎలక్ట్రానిక్స్ తయారీ సంస్థ ప్రాంగణాల్లో యువ కార్మికుల ఆత్మహత్యలు వరసగా జరిగినప్పుడు అక్కడి మూల జీతం 900 యువాన్లు. ఆ ప్రాంతపు కనీస వేతనం కూడా సరిగ్గా అంతే.

ఓటీకి ఇంకో ఉపయోగం ఉంది, అది యజమానికి. ఆర్డర్లు తగ్గే రోజులు వచ్చాక కార్మికుల్ని తీసేయాలంటే పరిహారం ఇవ్వాలి. 2008 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న కార్మిక ఒప్పంద చట్టం ప్రకారం పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం. అందుకని ఎవరినీ తీసేయరు, ఓటీ మాత్రం ఆపేస్తారు. 5 వేలు వచ్చే చేతికి 2,500 వస్తుంది. రెండు నెలలు చూసి అమ్మాయిలు తమంతట తామే రాజీనామా రాసి వెళ్ళిపోతారు. స్వయంగా మానేసినవాళ్ళకు పరిహారం ఉండదు.

కాబట్టి ఫ్యాక్టరీ గేటు ముందు వేలాడే ప్రకటనను ఎలా చదవాలో తెలిసి ఉండాలి. 'అన్నీ కలిపి 5,500 నుంచి 6,500' లాంటి మాట ఉంటే అందులో ఓటీ, రాత్రి షిఫ్టు భత్యం, పూర్తి హాజరు బోనసు అన్నీ కలిసే ఉంటాయి. ఒక పూట రాకపోతే హాజరు బోనసు పోతుంది. జీతం చీటీలో ముందు మూల జీతం కనీస వేతనానికి తగ్గిందేమో చూడాలి. ఓటీనీ, రాత్రి షిఫ్టు భత్యాన్నీ కలిపి కనీస వేతనం ఇచ్చామనడం చెల్లదు. తర్వాత శనివారం గంటలు ఏ వరసలో పడ్డాయో చూడాలి. రెట్టింపు ఇవ్వాల్సినవాటిని ఒకటిన్నర వరసలోకి జరపడం మామూలుగా జరిగే మోసం. నెలను 21.75 బదులు 26 రోజులుగా లెక్కేస్తే గంట రేటు 14.48 నుంచి 12.12కి పడిపోతుంది. పైకి చూస్తే తేడా రెండు యువాన్ల చిల్లరే, నూరు గంటల ఓటీ మీద అది నాలుగు వందలు దాటుతుంది. పీస్ రేటు, అంటే చేసిన ముక్కల లెక్కన కూలి, ఉన్నచోట ఇంకో చిక్కు. లైన్ మీద ఒక్కో పనికి ఎన్ని సెకన్లు పడుతుందో స్టాప్‌వాచీతో కొలిచి రేటు కడతారు. చేతులు అలవాటుపడి వేగం పెరిగాక మళ్ళీ కొలిచి రేటు తగ్గిస్తారు. అందుకే కొలిచేవాళ్ళు లైన్ దగ్గరికి రాగానే పాతవాళ్ళు కొత్తపిల్లకి నెమ్మదించమని కళ్ళతోనే చెబుతారు.

ఇక, ఆ పిల్ల ఆ గేటు దాకా ఎందుకొచ్చింది? పేదరికం అని మీ వ్యాసం ఒక్క మాటలో చెప్పింది. పేదరికం ఉంది, కాదనడం లేదు. చాలా ప్రాంతాల్లో మనిషికి వచ్చే భూమి ఒకటి రెండు 'మూ'లే. మూ అంటే అక్కడి భూమి కొలత, పదిహేను మూలు కలిస్తే ఒక హెక్టారు. 1978లో అన్హుయ్ ప్రావిన్సు షియావోగాంగ్ గ్రామంలో 18 మంది రైతులు కమ్యూన్ భూమిని, అంటే అందరూ ఉమ్మడిగా సాగుచేసే భూమిని, రహస్యంగా కుటుంబాలవారీగా పంచుకున్నారు. తర్వాత ఆ పద్ధతి దేశమంతా పాకింది. పంట పెరిగింది, పని తగ్గింది, ఇళ్ళలో చేతులు మిగిలాయి. 1980లో షెన్‌జెన్ ప్రత్యేక ఆర్థిక మండలమైంది. 1992లో చైనా అగ్రనేత డెంగ్ షియావోపింగ్ ఆర్థిక సంస్కరణలకు ఊపునిచ్చిన దక్షిణాది పర్యటన తర్వాత హునాన్, సిచువాన్, జియాంగ్‌షీ, గ్వాంగ్‌షీ, గ్వైజౌ, హెనాన్ పల్లెల నుంచి రైళ్ళు నిండిపోయాయి.

కానీ ఆకలి ఒక్కటే అయితే అందరికంటే పేదింటి పిల్లలే ముందు కదలాలి. అలా జరగలేదు. ముందు వెళ్ళింది ఇంట్లో చదువుకున్న పిల్లలు, ఊళ్ళో ఎవరో ఒకరు అప్పటికే వెళ్ళి ఉన్న ఇళ్ళ పిల్లలు. తొమ్మిదేళ్ళ నిర్బంధ విద్య, అంటే ఆరేళ్ళ ప్రాథమిక, మూడేళ్ళ మాధ్యమిక బడి, పూర్తయ్యేసరికి పదిహేనో పదహారో వస్తాయి. పై చదువుకు పరీక్ష దాటాలి, ఫీజు కట్టాలి. తమ్ముడుంటే ఆ ఫీజు ఎవరిదో ఇంట్లో అందరికీ ముందే తెలుసు. దానికితోడు పల్లెలో ఆ వయసు పిల్లకు చేయడానికి ఏమీ ఉండదు, పెళ్ళి సంబంధాలు చూడడం మొదలవుతుంది. వెళ్ళాలన్న కోరిక చాలామందిది స్వయంగా వాళ్ళదే. పంపించారు అనేకంటే పట్టుబట్టి వెళ్ళారు అనడమే చాలా ఇళ్ళ విషయంలో సరైన మాట. వాళ్ళకి ఉన్న పేరు దాగోంగ్‌మేయ్. దాగోంగ్ అంటే యజమాని కింద కూలికి చేయడం, మేయ్ అంటే చెల్లెలు. పెళ్ళికాని, వయసు తక్కువ మనిషి అన్నది ఆ పేరులోనే ఉంది. జీతం అంత తక్కువగా ఎందుకు నిలబడగలిగిందో కూడా అందులోనే ఉంది: ఈ పిల్ల ఇక్కడ ఉండిపోదు, నాలుగైదేళ్ళు చేసి పెళ్ళికి వెళ్ళిపోతుంది అన్న లెక్క. వేళ్ళు చురుగ్గా ఆడతాయి కాబట్టి ఆడపిల్లల్ని తీసుకుంటామని మేనేజర్లు చెప్పే కారణం కన్నా ఈ లెక్కే పెద్దది.

ఆ లెక్కను నిలబెట్టేది హుకౌ. 1958 జనవరిలో వచ్చిన గృహ నమోదు నిబంధనల ప్రకారం ప్రతి మనిషీ సొంత ఊళ్ళో వ్యవసాయ, వ్యవసాయేతర అని రెండింట్లో ఒకదాని కింద నమోదయ్యేవాడు. నగరంలో పదేళ్ళు పనిచేసినా పల్లె హుకౌ ఉన్నవాళ్ళు అక్కడ అతిథులే. బడి, ఆస్పత్రి సాయం, సర్కారు ఇల్లు అన్నీ ఊరి చిరునామాకే. 2014లో ఆ రెండు రకాల తేడాను తీసేస్తామని కేంద్రం ప్రకటించింది, చిన్న పట్టణాల్లో నమోదు తేలికైంది. పెద్ద నగరాల్లో మాత్రం తలుపు సన్నగానే ఉంది. పైగా ఊరి హుకౌ వదిలితే ఊరి భూమి మీద హక్కు ఏమవుతుందో అన్న భయం ఉంది, అది ఉత్త భయం కూడా కాదు.

తొంభైల్లో వెళ్ళిన పిల్లలు మోసిన కాగితాల కట్ట ఇప్పటి వాళ్ళకు తెలియదు. గుర్తింపు కార్డు, బడి పట్టా, షెన్‌జెన్ మండలం కంచె దాటడానికి సరిహద్దు అనుమతి పత్రం, వెళ్ళిన ఊళ్ళో తాత్కాలిక నివాస పత్రం, ఆడవాళ్ళయితే పెళ్ళి, కాన్పుల వివరాలతో కుటుంబ నియంత్రణ ధృవపత్రం. ఇందులో నివాస పత్రం జేబులో లేకపోతే వీధిలో పట్టుకుని నిర్బంధ కేంద్రంలో పెట్టి ఊరికి పంపేసేవాళ్ళు. 2003 మార్చిలో గ్వాంగ్‌జౌలో అలా పట్టుకెళ్ళిన సున్ జిగాంగ్ అనే యువ డిజైనర్ నిర్బంధంలో తగిలిన దెబ్బలకు చనిపోయాడు. దేశమంతా అట్టుడికాక ఆ నిర్బంధ పద్ధతిని ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి రద్దు చేశారు. అప్పటిదాకా ఎంతోమంది పిల్లలు ఫ్యాక్టరీ గేటు దాటి బయటికి రాకపోవడానికి అదే కారణం. గేటు లోపల యజమాని, గేటు బయట పోలీసు.

చేరే రోజు కాగితాల్లో జరిగే పొరపాట్లు ఏళ్ళ తర్వాత బయటపడతాయి. పదహారు నిండకుండా పనిలో పెట్టుకోవడం చట్టవిరుద్ధం. అందుకని పదిహేనేళ్ళ పిల్ల అక్కదో, పిన్ని కూతురిదో గుర్తింపు కార్డు పట్టుకొచ్చి ఆ పేరు మీద చేరుతుంది. జీతం వస్తుంది కాబట్టి ఎవరికీ ఇబ్బంది కనిపించదు. అయితే బీమా అక్క పేరు మీద నమోదవుతుంది. చెయ్యి యంత్రంలో పడితే ఆ చెయ్యి ఎవరిదని నిరూపించాలి. అసలు కార్డును ఫ్యాక్టరీ తన దగ్గర పెట్టుకోవడం, డిపాజిట్ అడగడం ఒప్పంద చట్టం 9వ సెక్షన్ కింద నిషిద్ధం. నెలలోపు రాతపూర్వక ఒప్పందం ఇవ్వకపోతే ఆ తర్వాత నెలనెలా రెట్టింపు జీతం ఇవ్వాల్సి వస్తుంది. ఒప్పందం ఇచ్చినా ఖాళీ కాగితం మీద సంతకం తీసుకుని రెండు ప్రతులూ ఆఫీసులోనే ఉంచేసుకునే చోట్లున్నాయి. అందుకే అనుభవమున్నవాళ్ళు కొత్తపిల్లకి చెప్పేది: చేతిలో ప్రతి లేకపోతే పని బ్యాడ్జీ, హాజరు కార్డు, జీతం పడిన బ్యాంకు ఎంట్రీ ఫోటో తీసి ఇంటికి పంపి పెట్టు. రేపు ఆ ఫ్యాక్టరీలో పనిచేశావని చూపేవి ఇవే.

లైన్ మీద పని గురించి మీ వ్యాసం బాగానే రాసింది, దాన్ని తిరగరాయం. ఒక్క సంగతి కలుపుతాం. గ్వాంగ్‌డాంగ్‌లో లైన్‌ని 'లా' అంటారు, లైన్ పెద్దని లాజాంగ్ అంటారు. మరుగుదొడ్డికి వెళ్ళాలంటే ఆ లాజాంగ్ దగ్గర ఉండే కార్డు తీసుకోవాలి. ముప్పై నలభై మందికి ఒకటో రెండో కార్డులు. అందుకని నీళ్ళు తాగడం మానేస్తారు. ఆ పిల్లల్లో మూత్రనాళ జబ్బులకు ఇదో కారణం.

ప్రమాదాలకు మాత్రం మీ వ్యాసంలో రెండు వాక్యాలే దక్కాయి. అది చాలదు. 1993 నవంబరు 19న షెన్‌జెన్ కుయిచోంగ్‌లోని జీలీ బొమ్మల ఫ్యాక్టరీ తగలబడి 87 మంది చనిపోయారు, దాదాపు అందరూ పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలే. కిటికీలకు ఇనప చువ్వలు, తలుపులకు తాళాలు. సరుకు ఎవరూ బయటికి తీసుకుపోకూడదని వేసిన తాళాలవి. ఎనిమిది నెలలు తిరక్కముందే కార్మిక చట్టం ఆమోదం పొందింది.

మంట కనిపిస్తుంది, ఆవిరి కనిపించదు. 2009లో సుజౌలో టచ్ స్క్రీన్లు తుడిచే 137 మంది ఎన్-హెక్సేన్ అనే ద్రావకం పీల్చి జబ్బుపడ్డారు. అంతకుముందు ఆల్కహాల్‌తో తుడిచేవాళ్ళు. హెక్సేన్ ఇంకా త్వరగా ఆరిపోతుంది, మరక ఉండదు, గంటకు ఎక్కువ స్క్రీన్లు తయారవుతాయి, అందుకని మార్చారు. గాలి ఆడని గదిలో అది నరాల మీద పనిచేస్తుంది. ముందు కాలివేళ్ళు, చేతివేళ్ళు మొద్దుబారతాయి, తర్వాత పట్టు తప్పుతుంది, మెట్లెక్కలేరు. అలసట అనుకుని నెలలపాటు పట్టించుకోరు. చెప్పులు, సంచుల ఫ్యాక్టరీల్లో జిగురులోని బెంజీన్ ఇంకా నెమ్మది. అది ఎముక మజ్జను తింటుంది, రక్త క్యాన్సర్ తెస్తుంది, అదీ కొన్నేళ్ళ తర్వాత, పిల్ల పని మానేసి ఊరెళ్ళిపోయాక. డబ్బా మీద బెంజీన్ అని రాసి ఉండదు. జబ్బు ఆ ఫ్యాక్టరీలోనే వచ్చిందని నిరూపించడానికి ఉన్న గట్టి ఆధారం మానేసేముందు చేసే వైద్య పరీక్ష. హానికర పదార్థాలతో పనిచేసినవాళ్ళకు ఆ పరీక్ష చేయించకుండా పనిలోంచి తీసేయకూడదని చట్టం ఉంది. తనంతట తాను వెళ్ళిపోయే అమ్మాయి ఆ పరీక్ష అడగదు, అడగొచ్చని ఆమెకు ఎవరూ చెప్పరు.

లోహపు విడిభాగాల చిన్న వర్క్‌షాపుల్లో ప్రెస్సు యంత్రాలు వేళ్ళు తీసుకుంటాయి. యంత్రానికి రెండు బటన్లు ఉంటాయి, రెండు చేతులతో రెండూ నొక్కితేనే దిగాలి, అప్పుడు చెయ్యి లోపల ఉండే వీలు లేదు. అది వేగం తగ్గిస్తుందని ఒక బటన్ని టేపుతో నొక్కిపట్టి కట్టేస్తారు, లేదా కాలిపెడల్ పెడతారు. పదో గంట తర్వాత ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. దెబ్బ తగిలాక తెలిసి ఉండాల్సిన గడువులు రెండు. యజమాని 30 రోజుల్లోగా పని ప్రమాదంగా గుర్తించమని దరఖాస్తు పెట్టాలి. అతను పెట్టకపోతే కార్మికురాలో, ఇంటివాళ్ళో ఏడాదిలోగా పెట్టుకోవచ్చు. ఏడాది దాటితే తలుపు మూసుకుంటుంది. ఆస్పత్రి బిల్లు కట్టి, 'ముందు నయం కానీ, డబ్బు సంగతి తర్వాత మాట్లాడదాం' అని మంచిమాటలతో పదమూడో నెల దాకా సాగదీయడం జరుగుతుంటుంది. రాజీ కాగితం మీద సంతకం చేసేముందు వైకల్యం స్థాయి నిర్ధారణ చేయించుకోవాలి. పది స్థాయిల్లో అన్నిటికన్నా తక్కువైన పదో స్థాయికే 7 నెలల జీతం ఒకేసారి వస్తుంది, అదికాక ఇంకొన్ని ఉంటాయి.

పని మానేయడం కూడా ఒక విద్యే. నెల జీతం తర్వాతి నెలలో ఇస్తారు కాబట్టి ఎప్పుడూ కొన్ని వారాల కూలి యజమాని దగ్గరే ఉండిపోతుంది. చట్టం ప్రకారం 30 రోజుల ముందు రాసిస్తే చాలు, ప్రొబేషన్‌లో అయితే 3 రోజులు. ఎవరి అనుమతీ అక్కర్లేదు, తెలియజేయడమే. కానీ రద్దీ రోజుల్లో ఆ కాగితాన్ని లాజాంగ్ తీసుకోడు. అప్పుడు పిల్ల సామాను సర్దుకుని చెప్పకుండా వెళ్ళిపోతుంది. దీన్ని జిలీ అంటారు, తనంతట తానే వెళ్ళిపోవడం. అలా వెళ్ళినవాళ్ళ ఆఖరి జీతాన్ని ఫ్యాక్టరీ మింగేస్తుంది, అదేదో నియమమైనట్టు. నియమం కాదు, చేసిన పనికి జీతం ఇవ్వాల్సిందే. రాజీనామాను గేటు దగ్గర చేతికివ్వకుండా చైనా పోస్టు వారి స్పీడ్ పోస్టులో పంపి, కవరు మీదే 'రాజీనామా లేఖ' అని రాసి, రసీదు ఉంచుకుంటే తేదీకి సాక్ష్యం ఉంటుంది. కార్మిక వివాదాల మధ్యవర్తిత్వానికి 2008 మే నుంచి ఫీజు లేదు, గడువు ఏడాది.

ఇంటికి పంపిన డబ్బుతో ఏం జరిగిందో ఏ పల్లెలో చూసినా కనిపిస్తుంది: తెల్ల పెంకులు అతికించిన రెండు మూడు అంతస్తుల ఇల్లు. ఇల్లు తమ్ముడి పేరు మీదే ఉంటుంది. భూమి విషయం ఇంకా చేదు. ఊరి ఉమ్మడి భూమిని కుటుంబాలకు సాగుకిచ్చే రెండో విడత ఒప్పందాలు 30 ఏళ్ళకు కట్టినవి కాబట్టి మధ్యలో కొత్తగా పంచరు. పెళ్ళైన ఆడపిల్ల వాటా పుట్టింటి ఊళ్ళో ఉండిపోతుంది, దాన్ని అన్నదమ్ములు సాగుచేసుకుంటారు. అత్తగారి ఊళ్ళో ఆమెకు కొత్త వాటా రాదు. కొత్త ఊళ్ళో భూమి దొరికేదాకా పాత భూమి తీసుకోకూడదని 2003 నుంచి అమల్లో ఉన్న భూమి ఒప్పంద చట్టంలో ఉంది. ఊరి కమిటీ తీర్మానం ముందు అది చాలాసార్లు ఓడిపోయింది. పెళ్ళి, విడాకుల కారణంగా ఆడవాళ్ళ హక్కు తీసేయకూడదంటూ 2025 మే 1న గ్రామీణ సామూహిక ఆర్థిక సంస్థల చట్టం అమల్లోకొచ్చింది. భూసేకరణ పరిహారం పంచే చోటే దాని సత్తా తేలుతుంది.

పిల్లలు పుట్టాక హుకౌ మళ్ళీ ఎదురొస్తుంది. 1998 దాకా బిడ్డ హుకౌ తల్లిదే. నగరం అబ్బాయిని పెళ్ళాడిన పల్లె అమ్మాయికి పుట్టిన బిడ్డ కూడా పల్లె మనిషే అయ్యేది. ఆ తర్వాత తండ్రిదైనా పెట్టుకోవచ్చన్నారు. నగరం బడిలో చేర్చాలంటే నివాస పత్రం, అద్దె ఒప్పందం, ఇన్నేళ్ళు బీమా కట్టినట్టు రుజువు అడుగుతారు, గ్వాంగ్‌డాంగ్ నగరాల్లో వీటికి పాయింట్లు వేస్తారు. ఒప్పందమూ బీమా లేకుండా పనిచేసిన తల్లి దగ్గర చూపడానికి ఏమీ ఉండదు. కాబట్టి బిడ్డ ఊళ్ళో అమ్మమ్మ దగ్గరో, నానమ్మ దగ్గరో ఉంటుంది. మీ వ్యాసం ఇలాంటి పిల్లలు 6 కోట్లు అంది. ఆ అంకె 2013లో అఖిల చైనా మహిళా సమాఖ్య చెప్పిన 6 కోట్ల 10 లక్షలు, తల్లిదండ్రుల్లో ఒకరు వెళ్ళినా లెక్కలోకొచ్చే 18 ఏళ్ళలోపు పిల్లలది. 2016లో ప్రభుత్వం 90 లక్షలు అంది. పిల్లలు మూడేళ్ళలో ఇళ్ళకి చేరిపోలేదు, నిర్వచనం మారింది: 16 ఏళ్ళలోపు, ఇద్దరూ వెళ్ళినవాళ్ళు, లేదా ఒకరు వెళ్ళి రెండోవారికి పెంచే శక్తి లేనివాళ్ళు మాత్రమే. రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి తగ్గుదల అనడం పొరపాటు.

వ్యాసానికి మీరు పెట్టిన శీర్షికలో 'అమ్మాయిలు' అన్న మాట మీద కూడా ఒక సవరణ. 2023లో చైనా గణాంక సంస్థ లెక్క ప్రకారం పల్లె హుకౌతో వ్యవసాయేతర పనులు చేసేవాళ్ళు 29.75 కోట్లు. అందులో ఆడవాళ్ళు 37.3 శాతం. అందరి సగటు వయసు 43.1. ఈనాటి పిల్లలు లైన్ వదిలి దుకాణాలకు, హోటళ్ళకు, ఆన్‌లైన్ లైవ్ వీడియో అమ్మకాలకు వెళ్తున్నారు. లైన్ మీద వయసు మళ్ళినవాళ్ళూ, తాత్కాలికంగా ఏజెన్సీలు తెచ్చినవాళ్ళూ, వృత్తి విద్య బడులు ఇంటర్న్‌షిప్ పేరుతో పంపినవాళ్ళూ కనిపిస్తారు. ఈ ఇంటర్న్‌ల మీద మాత్రం గట్టిగా రాయండి. వాళ్ళని రాత్రి షిఫ్టులో, ఓటీలో పెట్టకూడదని 2016 నిబంధనల్లోనే ఉంది. అయినా వెళ్ళనంటే పట్టా ఇవ్వబోమని బడి బెదిరించిన సంగతులు మళ్ళీమళ్ళీ బయటికొస్తూనే ఉన్నాయి.

తొంభైల్లో పద్దెనిమిదేళ్ళకి రైలెక్కిన ఆ మొదటి చెల్లెళ్ళు ఇప్పుడు యాభై దాటుతున్నారు. కార్మికురాలికి పింఛను వయసు 50గా ఉండేది, 2025 నుంచి దాన్ని నెమ్మదిగా 55కి జరుపుతున్నారు. పింఛను రావాలంటే 15 ఏళ్ళు చందా కట్టి ఉండాలి, 2030 నుంచి ఏడాదికి ఆరు నెలల చొప్పున అది 20 ఏళ్ళకు పెరుగుతుంది. 2010కి ముందు ఒక నగరంలో కట్టిన చందా ఇంకో నగరానికి బదిలీ అయ్యే దారి సరిగా లేదు. అందుకని వసంత పండగకు, అంటే చైనా కొత్త ఏడాదికి, ఊరెళ్ళేముందు బీమా ఆఫీసు ముందు వరస కట్టి, తాము కట్టినదాన్ని వెనక్కి తీసుకుని వెళ్ళేవాళ్ళు. యజమాని కట్టిన వాటా ఆ నగరానికే మిగిలేది, వాళ్ళ ఏళ్ళ లెక్క సున్నాకి వచ్చేది. మూల జీతం మీద మాత్రమే చందా కట్టి, ఓటీతో వచ్చిన జీతాన్ని వదిలేయడం ఇంకో పద్ధతి. 2014 ఏప్రిల్‌లో డోంగ్‌గ్వాన్‌లోని యూయువెన్ బూట్ల ఫ్యాక్టరీల్లో పదుల వేల మంది పని ఆపింది దీని గురించే.

ఆ ఏళ్ళు నిండనివాళ్ళకు రెండు దారులున్నాయి. మిగిలిన ఏళ్ళు తామే కట్టుకుంటూ పోవడం, లేదా పల్లెల్లో ఉండే సాధారణ వృద్ధాప్య పింఛనులోకి మారిపోవడం. ఆ రెండోదానికి కేంద్రం నిర్ణయించిన కనీస మొత్తం 2025లో నెలకు 143 యువాన్లు, ప్రావిన్సులు దానికి కొంత కలుపుతాయి. షెన్‌జెన్ కనీస వేతనం లెక్కన 143 యువాన్లంటే పది గంటల కూలి కూడా కాదు. మీ తర్వాతి వ్యాసం వీళ్ళ గురించి రాయమని కోరుతున్నాం. రాసేటప్పుడు మూల జీతం, ఓటీ గంటలు, చందా కట్టిన ఏళ్ళు, ఈ మూడు అంకెలూ పక్కపక్కన వేయండి.

ఇట్లు,
మీ పాఠకులు కొందరు